ఉలురు చుట్టూ నడవడానికి బయల్దేరే ముందు

ఆస్ట్రేలియా ఎడారి నడుమ 348 మీటర్ల ఎత్తున్న ఈ ఎర్రరాయి అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు పవిత్రం. పైకి ఎక్కడం 2019 అక్టోబర్ 26 నుంచి నిషేధం. చుట్టూ నడవడమే అసలైన దర్శనమని నా అభిప్రాయం.

• పార్క్ పాస్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి.

• పూర్తి చుట్టు 10.6 కిలోమీటర్లు, సుమారు మూడున్నర గంటలు. మనిషికి గంటకు లీటరు చొప్పున నీళ్లు తీసుకెళ్లండి. ఎండలు ముదిరే డిసెంబర్, జనవరిల్లో తెల్లవారుతూనే మొదలుపెట్టి 11 లోపు ముగించేయాలి.

• టోపీ, గట్టి బూట్లు, ముఖానికి ఈగల వల. వల అక్కర్లేదనుకోకండి, ఈగలు కంట్లో, ముక్కులో దూరతాయి.

• ఫోటో తీసే ముందు బోర్డు చదవండి. కొన్ని చోట్ల కెమెరా లోపల పెట్టేయాలి. అక్కడి రాతి గీతలు, ఆకారాలు అనంగులకు పవిత్ర గ్రంథంతో సమానం. అవి చెప్పే కథల్లో కొన్ని ఆడవాళ్లకే, కొన్ని మగవాళ్లకే చెందుతాయి. ఆ గీతల్ని, ఆకారాల్ని అక్కడే చూడాలి తప్ప ఫోటోల్లో చూడకూడదు. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లండి.

• చిన్న రాయి, గుప్పెడు మట్టి కూడా జేబులో వేసుకోవద్దు. అలా తీసుకెళ్లినవాళ్లు ఎందరో క్షమాపణ ఉత్తరంతో పోస్టులో తిరిగి పంపుతున్నారు.