ఫ్రిస్బీ టీమ్‌కి జూనియర్స్ కావాలా, ముందు కాలేజ్ బస్ టైమ్ చూడండి

శ్రీకాకుళం, విజయనగరం సైడ్ కాలేజీల్లో అల్టిమేట్ ఫ్రిస్బీ (ప్లాస్టిక్ డిస్క్‌ని పాస్‌లు ఇచ్చుకుంటూ అవతలి చివరకి చేర్చే ఆట, టీమ్‌కి ఏడుగురు) టీమ్ పెడదామనుకునేవాళ్ళు ముందు చేసే పని నోటీస్ బోర్డు మీద పోస్టర్ అంటించడం. దాన్ని ఎవడూ చదవడు. అది మానేసి క్యాంటీన్ పక్కన ఖాళీ జాగాలో ఇద్దరు డిస్క్ విసురుకుంటూ నిలబడండి, ఒకట్రెండుసార్లు కావాలనే జనాల వైపు పోనివ్వండి, ఎవడో ఒకడు తీసి తిరిగి విసురుతాడు, అది గింగిరాలు కొట్టుకుంటూ ఎటో పడుతుంది, "ఇదేటి అన్నా, ఇంకోసారి ఇవ్వండి" అంటాడు. అంతే, వాడు దొరికినట్టే. అప్పుడే రూల్స్ మొదలెట్టకండి, బలం కాదురా మణికట్టు అని ఒక్క ముక్క చెప్పి వదిలేయండి. డిస్క్ మాత్రం 175 గ్రాములదే వాడండి, బొమ్మల షాపులో దొరికే పల్చటిది మన సముద్రం గాలికి ఎక్కడికో పోతుంది.

అసలు సమస్య బస్సు. నరసన్నపేట, పాలకొండ, చీపురుపల్లి నుంచి వచ్చే డే స్కాలర్స్‌కి సాయంత్రం ప్రాక్టీస్ అంటే కుదరదు, బస్ పోతే ఇంటికి ఎలా వెళ్తారు చెప్పండి. వాళ్ళకి వారంలో రెండ్రోజులు లంచ్‌లో ఓ అరగంట పెట్టండి, హాస్టల్ వాళ్ళకి పొద్దున్నే. ఇంకోటి, సీనియర్స్ పిలుస్తున్నారంటే ఫ్రెషర్స్‌కి ర్యాగింగ్ భయం ఉంటుంది, అందుకే ముందు పీడీ (ఆటల) సార్‌కి చెప్పి, పగటిపూట, అందరికీ కనపడే గ్రౌండ్‌లోనే పిలవండి. రాత్రి హాస్టల్ రూముల్లోకి వెళ్ళి అడగొద్దు.

ఎవర్ని పిలవాలంటే, అందరూ క్రికెట్ వాళ్ళ వెనకే పడతారు గానీ నా ఓటు ఖోఖో ఆడినోళ్ళకే, పరిగెడుతూ టక్కున దిశ మార్చడం వాళ్ళకి స్కూల్ నుంచే అలవాటు, ఈ ఆటకి కావాల్సింది అదే. కబడ్డీ వాళ్ళు కూడా బాగుంటారు, కాకపోతే మనిషిని పట్టుకోకూడదని పదిసార్లు చెప్పాలి. మిక్స్‌డ్ టీమ్‌లో ఏడుగురిలో నలుగురు, ముగ్గురు లెక్కన అమ్మాయిలూ అబ్బాయిలూ ఉండాలి, అందుకని అమ్మాయిల్ని ఒక్కర్నే పిలవకండి, ఫ్రెండ్స్‌తో రమ్మనండి, ఒక్కతే వస్తే రెండో రోజు రాదు.

మొదటి రోజు రౌండ్లు కొట్టించొద్దు. కాసేపు విసరడం, వెంటనే ముగ్గురు ముగ్గురుగా చిన్న మ్యాచ్. డిస్క్ చేతిలో ఉంటే పరిగెత్తకూడదు, పది సెకన్లలో వదలాలి, కింద పడితే అవతలోళ్ళది, ఎండ్ జోన్‌లో, అంటే గ్రౌండ్ అవతలి చివర గీసిన గడిలో, మనోడు పట్టుకుంటే పాయింట్, నేలమీద పడితే కాదు. ఈ ఆటకి రిఫరీ ఉండడనగానే "మరి దొంగాట ఆడితే?" అని కచ్చితంగా అడుగుతారు. ఫౌల్ ఎవరికి తగిలితే వాళ్ళే చెప్తారు, అవతలోడు ఒప్పుకోకపోతే డిస్క్ విసిరినోడి దగ్గరికే వెనక్కి వెళ్తుంది. చెప్తే అర్థం కాదు, రెండు మ్యాచ్‌లు ఆడితే అదే తెలుస్తుంది.

జనం పోయేది రెండో వారంలో, ఎందుకంటే సీనియర్స్ సీనియర్స్‌కే పాస్‌లు ఇచ్చుకుంటారు, కొత్తోడు ఊరికే పరిగెత్తి పరిగెత్తి విసుగొచ్చి మానేస్తాడు. కొత్తవాళ్ళ చేతికి ఒక్కసారైనా వెళ్ళకుండా పాయింట్ లెక్కలేదు అని రూల్ పెట్టేయండి. రాని వాళ్ళకి గ్రూప్‌లో కాదు, పేరు పెట్టి విడిగా మెసేజ్ చేయండి. మిడ్ పరీక్షలు ఉన్నాయని మానేస్తే ఏమీ అనొద్దు. సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు బాగా ఇంట్రెస్ట్ ఉన్నోడికి ఒక పాత డిస్క్ ఇచ్చి పంపండి, ఊళ్ళో తమ్ముళ్ళతో ఆడుకుని చెయ్యి తిరిగి వస్తాడు, పోతే ఓ డిస్క్ పోద్ది.