డెంగీ తర్వాత మళ్లీ బీచ్ రోడ్డెక్కాను

జ్వరం పోయింది, ప్లేట్‌లెట్లూ మామూలుకొచ్చాయి. మెట్లెక్కితే మాత్రం ఆయాసం. "ముందు నడవండి, పరుగుకి తొందరేం లేదు" అన్నారు డాక్టరుగారు.

ఆర్కే బీచ్‌లో పొద్దున్నే వాహనాలు ఆపేస్తారు కదా, అది కలిసొచ్చింది. కాళీమాత గుడి నుంచి కురుసుర సబ్‌మెరైన్ దాకా నడక. కుదుటపడ్డాక ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. పక్కనున్న బావతో ఆగకుండా మాట్లాడగలిగినంత వేగమే. (ఆయన రాజకీయాలెత్తితే ఊపిరికన్నా ముందు ఓపిక అయిపోయేది.)

నన్ను నిజంగా గట్టెక్కించింది నాడి. మంచం దిగకముందే మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేసేవాణ్ణి. జబ్బుకి ముందు 60 దగ్గరుండేది. 70 దాటిన రోజు బూట్లు ముట్టుకోలేదు. పాత అంకెకి దిగి, అక్కడే నిలిచాక పరుగు నిమిషాలు పెంచాను.

మన విశాఖ ఉక్క తెలిసిందేగా. గాలిలో తేమకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, అదే వేగానికి గుండె ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది. అందుకే ఎండెక్కకముందే ముగించి, ఉప్పేసిన మజ్జిగ తాగేవాణ్ణి. ఛాతీ నొప్పి, గుండెదడ, కళ్లు తిరగడం ఉంటే మాత్రం ఇవేవీ వద్దు, నేరుగా డాక్టరు దగ్గరికే. కైలాసగిరి ఎత్తు జోలికి నేనింకా పోలేదు.