వియన్నా, బుడాపెస్ట్: అక్టోబరులో తింటూ, చూస్తూ తిరిగి రావడం ఎలా?

ఇప్పుడు ఆస్ట్రియాకు వియన్నా, హంగరీకి బుడాపెస్ట్ రాజధానులు. కానీ ఈ రెండు నగరాలూ 1867 నుంచి 1918 దాకా ఆస్ట్రియా-హంగరీ అనే ఒకే సామ్రాజ్యానికి జంట రాజధానులు. రెండూ డాన్యూబ్ ఒడ్డునే ఉన్నాయి. ఒకచోటి నుంచి ఇంకోచోటికి రైల్లో రెండు గంటల నలభై నిమిషాలు. అందుకే వంటకాలు కూడా ఒకే ఇంట్లో పుట్టి వేరు కాపురాలు పెట్టినట్టుంటాయి. పలుచటి పొరల్లో పండ్లో, గింజలో చుట్టి కాల్చే మిఠాయి వియన్నాలో స్ట్రూడెల్, అదే బుడాపెస్ట్‌లో రేతెష్. గులాష్ అనే మాంసం వంటకం వియన్నాలో చిక్కటి కూర, బుడాపెస్ట్‌లో పలుచటి పులుసు. ఒక్కో వంటకాన్ని రెండు చోట్లా తిని పోల్చుకునేలా ప్రయాణం అల్లుకుంటే వారం రోజులు చాలు. ఈ ఏర్పాటు ఏడు రాత్రులకు: వియన్నాలో నాలుగు, బుడాపెస్ట్‌లో మూడు.

1. ముందు తేదీలు

అక్టోబరు మొదటి వారం నుంచి 20వ తేదీ దాకా అన్నిటికన్నా మంచి సమయం. పగలు సుమారు 15 డిగ్రీలు, రాత్రి ఏడెనిమిదికి దిగుతుంది. ద్రాక్షతోటలు పసుపు రంగుకు తిరుగుతాయి, కొత్త ద్రాక్షసారా (వైన్) దొరుకుతుంది, వీధి మూలల్లో చెస్ట్‌నట్ కాయలు కాల్చి పొట్లాల్లో అమ్ముతుంటారు. దసరా సెలవులు ఈ రోజుల్లో పడితే పిల్లలున్న వాళ్లకూ కుదురుతుంది.

20 దాటితే సెలవులు అడ్డొస్తాయి. అక్టోబరు 23 హంగరీ జాతీయ దినం, 26 ఆస్ట్రియా జాతీయ దినం, నవంబరు 1 రెండు దేశాల్లోనూ సెలవు. ఆ రోజుల్లో దుకాణాలు, మార్కెట్లు మూసేస్తారు. ఆస్ట్రియాలో మామూలు ఆదివారం కూడా సూపర్‌మార్కెట్లు ఉండవు, పెద్ద స్టేషన్లలోవి తప్ప. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. దాంతో నెల మధ్యలో ఆరు దాటాక అయ్యే సూర్యాస్తమయం ఒక్కసారిగా నాలుగున్నర, అయిదు మధ్యకు వచ్చేస్తుంది. చూడాల్సినవి సాయంత్రానికి పెట్టుకున్న వాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఒక్క మినహాయింపు ఉంది. నవంబరు 11 సెయింట్ మార్టిన్ పండుగ. దానికి ముందు రోజుల్లో రెండు నగరాల్లోనూ బాతును పోలిన గూస్ పక్షిని కాల్చి, ఎర్ర క్యాబేజీతో వడ్డిస్తారు. ఆ రోజు గూస్ తినకపోతే ఏడాదంతా పస్తులేనని హంగరీలో సామెత. దానికోసమే వెళ్లేవాళ్లు పొగమంచుకీ, చలికీ సిద్ధపడి నవంబరు 5 నుంచి 12 మధ్య వెళ్లాలి.

2. వీసా, విమానం

రెండు దేశాలకూ ఒకటే షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి చెల్లే వీసా. ఎవరికి దరఖాస్తు చెయ్యాలన్నది రాత్రుల లెక్కే తేలుస్తుంది: ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే వాళ్లకే. సమానమైతే మొదట దిగే దేశానికి. ఈ ఏర్పాటులో నాలుగు రాత్రులు వియన్నావి కాబట్టి ఆస్ట్రియాకు చేసుకోవాలి. తర్వాత హోటల్ బుకింగులు మార్చి లెక్క తలకిందులు చేస్తే ప్రశ్నలు ఎదురవుతాయి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. దసరా రద్దీలో అపాయింట్‌మెంటు దొరకడమే కష్టం కాబట్టి జూలైలోనే మొదలుపెట్టండి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా, తిరిగొచ్చే తేదీ తర్వాత మరో మూడు నెలలు చెల్లే పాస్‌పోర్టు తప్పనిసరి.

విమానం టికెట్ 'మల్టీ సిటీ' పద్ధతిలో తీయండి: వెళ్లేటప్పుడు వియన్నాలో దిగి, వచ్చేటప్పుడు బుడాపెస్ట్‌లో ఎక్కాలి. హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహాల మీదుగా రెండింటికీ దారి ఉంది. వియన్నాకే రానూ పోనూ తీసుకుంటే చివరి రోజు రైల్లో వెనక్కి వెళ్లడానికే అయిపోతుంది.

వియన్నా ముందు, బుడాపెస్ట్ తర్వాత అనడానికి కారణముంది. మ్యూజియాల్లో తిరగడానికి కాళ్లలో ఓపిక ఉండాలి. ఆ ఓపిక అయిపోయాక వేడినీటి కొలనులు కావాలి. పైగా ఇంటికి తేవాల్సిన సరుకు బుడాపెస్ట్‌లోనే ఉంది.

3. మెనూలో ఏముందో చదవడం

మన వాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే, కాబట్టి బయల్దేరే ముందే ఈ మాటలు ఫోనులో రాసి పెట్టుకోండి. జర్మన్‌లో రిండ్ అంటే ఆవు మాంసం, కల్బ్ దూడ, ష్వైన్ పంది, హెండల్ కోడి, గాన్స్ గూస్. హంగేరియన్‌లో వరసగా మర్హ, బోర్యు, షెర్తేష్, చిర్కె, లిబ. పంది కొవ్వు వియన్నాలో ష్మాల్ట్స్, బుడాపెస్ట్‌లో ఝీర్.

వీనర్ ష్నిట్జెల్ అంటే పలుచగా కొట్టి, బ్రెడ్‌పొడి పూతతో వేయించిన మాంసం. అసలుదాన్ని దూడ మాంసంతోనే చేస్తారు. పందితో చేసినదాన్ని ఆ పేరుతో అమ్మకూడదు, 'వీనర్ ఆర్ట్' అనో, పంది అని చెప్పో రాస్తారు. రెండూ వద్దనుకుంటే బాక్‌హెండల్ అడగండి. అదే పూతతో వేయించిన కోడి.

శాకాహారులకు చిక్కులు పేర్లలో కనపడవు. ఫ్రిటాటెన్‌జుప్పెలో దోసెముక్కల్లాంటివి తేలుతుంటాయి, మాంసం ముక్క ఒక్కటీ ఉండదు, కానీ ఆ చారు ఆవు ఎముకలది. వియన్నా బంగాళాదుంప సలాడ్‌ను కూడా చాలాచోట్ల అదే చారుతో తడుపుతారు. పుల్లబెట్టిన క్యాబేజీలో పంది కొవ్వు ముక్కలుంటాయి. గుడ్డు తినేవాళ్లైతే ధైర్యంగా తినగలిగేవి చీజ్ వేసిన పిండిముక్కలు కేజెష్పెట్జ్‌లె, పాలకూర ఉండలు, గుడ్డు కలిపిన పిండి ఉండలు ఐయర్‌నొకెర్ల్, ముక్కలు చేసిన తీపి అట్టు కైజర్‌ష్మార్న్. వీటన్నిటిలోనూ మామూలుగా గుడ్డు పడుతుంది. బుడాపెస్ట్‌లో ఫోజెలేక్ అనే చిక్కటి కూరగాయల ఇగురు మన నోటికి బాగా దగ్గర. కానీ దాని మీద మాంసం ఉండ పెట్టి ఇస్తారు, 'ఫెల్తేత్ నేల్కుల్' అంటే పైది లేకుండా ఇస్తారు. పాప్రికా అనే హంగరీ ఎర్ర మిరపపొడి, మీగడ వేసి చేసే పుట్టగొడుగుల పాప్రికాష్, వేయించిన చీజ్ ఎక్కడైనా దొరుకుతాయి.

4. వియన్నాలో నాలుగు రోజులు

విమానాశ్రయం నుంచి ప్రధాన స్టేషన్‌కు మామూలు రైల్లో పావుగంటే. ఊళ్లో మెట్రో, ట్రామ్‌లకు తేదీ, సమయం అచ్చు కాని కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు మిషన్‌లో ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని టికెట్ ఉన్నా టికెట్ లేనట్టే లెక్క. నీళ్ల సీసా కొనకండి, కుళాయిలో వచ్చేది ఆల్ప్స్ ఊటనీరే. 1873 నుంచి కొండల మీంచి కాలువలో వస్తోంది.

మొదటి రోజు స్టెఫాన్స్‌డోమ్ అనే పెద్ద చర్చి చుట్టుపక్కల పాత ఊరు నడిచి, ఒక కాఫీ హౌస్‌లో కూర్చోండి. మెలాంజ్ అడిగితే నురుగు పాలతో, ఐన్‌ష్పెనర్ అడిగితే గాజు గ్లాసులో మీగడ కప్పి ఇస్తారు. పక్కన గ్లాసుడు మంచినీళ్లు పెడతారు. ఒక్క కాఫీతో రెండు గంటలు కూర్చున్నా లేవమనరు. అలాగే అడగనిదే బిల్లూ తేరు. వెయిటర్ పట్టించుకోవట్లేదని విసుక్కునే బదులు 'త్సాలెన్ బిట్టె' (బిల్లు కడతాం) అనండి. సాహెర్ టోర్ట్ అనే చాక్లెట్ కేకు కాస్త పొడిగా ఉంటుంది. పక్కనిచ్చే తీపిలేని మీగడతో కలిపి తింటేనే రుచి తెలుస్తుంది.

రెండో రోజు షోన్‌బ్రున్ రాజభవనం. టికెట్ మీద ప్రవేశ సమయం ఉంటుంది, ముందే ఆన్‌లైన్‌లో ఉదయం మొదటి విడత తీసుకోండి. తోట, కొండ మీది గ్లోరియెట్ మండపం దాకా నడక ఉచితం. మూడో రోజు కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియం. చిత్రకారుడు బ్రూగెల్ 1565లో ఋతువుల మీద వేసిన బొమ్మల్లో మూడు ఇక్కడున్నాయి. చలికాలం ముందు కొండ మీంచి పశువులను ఊళ్లోకి తోలుకొచ్చే బొమ్మ సరిగ్గా ఈ కాలానిదే. సోమవారం వెళ్లే పనైతే తెరుస్తారో లేదో ముందే చూసుకోండి. ఆ మధ్యాహ్నం గులాష్ తినేవాళ్లు వియన్నా రకం తినాలి. మాంసం ఎంతో ఉల్లిపాయలూ అంతే తూకం, పిండి వెయ్యరు, ఉల్లి కరిగే చిక్కబడుతుంది.

నాలుగో రోజు ద్రాక్షతోటలకు. ఇది శుక్ర, శని, ఆదివారాల్లో పడేలా చూసుకోండి, మిగతా రోజుల్లో చాలా తోటలు తెరవవు. యూ4 మెట్రోలో హైలిగెన్‌ష్టాట్ చేరి, 38ఏ బస్సులో 484 మీటర్ల కాలెన్‌బెర్గ్ కొండ ఎక్కండి. అక్కడి నుంచి తోటల మధ్యగా నుస్‌డోర్ఫ్ వైపు దిగండి. అంతా పల్లమే, తీరిగ్గా గంటన్నర. కిందికి చేరాక డి ట్రామ్ ఊళ్లోకి తెస్తుంది. దారిలో గుమ్మానికి పచ్చటి కొమ్మ కట్టి ఉంటే అది హాయ్‌రిగెర్, అంటే తోట యజమాని సొంత ద్రాక్షసారా అమ్మే చోటు. 1784లో రెండో జోసెఫ్ చక్రవర్తి ఇచ్చిన అనుమతితో మొదలైన పద్ధతి. తిండి మీరే కౌంటర్ దగ్గర తెచ్చుకోవాలి, తాగేది బల్ల దగ్గరికి తెస్తారు.

అక్టోబరులో అడగాల్సింది ష్టుర్మ్. పులుస్తూ ఉన్న ద్రాక్షరసం, మబ్బుగా, తియ్యగా, నాలుక మీద చురుక్కుమంటూ ఉంటుంది. మన కల్లుకు చుట్టమనుకోవచ్చు. కల్లులాగే ఇదీ క్షణం ఊరుకోదు. సీసా బిగించి మూస్తే లోపలి గాలికి పగులుతుందని మూత వదులుగానే పెడతారు. కొని సంచిలో అడ్డంగా పడేస్తే బట్టలన్నీ తడుస్తాయి. తీపి వల్ల మత్తు తెలియదు, రెండు గ్లాసులు దాటితే కడుపూ ఊరుకోదు. తాగని వాళ్లకు ద్రాక్షరసం ఉంటుంది. నంజుకోవడానికి లిప్టావర్ తీసుకోండి: జున్ను లాంటి పెరుగుముద్దలో పాప్రికా, ఉల్లి, సీమసోపు కలిపింది. దీని రుచి గుర్తుపెట్టుకోండి, బుడాపెస్ట్‌లో కొరొజొట్ పేరుతో మళ్లీ ఎదురవుతుంది.

రాత్రి భోజనం గురించి ఒక మాట. చాలాచోట్ల వంటగది తొమ్మిదిన్నరకల్లా కట్టేస్తారు, మధ్యాహ్నం రెండున్నర నుంచి అయిదున్నర దాకా పొయ్యి వెలిగించరు. మన అలవాటు ప్రకారం తొమ్మిదింటికి బయల్దేరితే వీధి బండి దగ్గర సాసేజ్ తప్ప దొరకదు.

5. రైలు

ఆస్ట్రియా రైల్వే ఆరు నెలల ముందు నుంచి చవక టికెట్లు పెడుతుంది. అవి ఆ రైలుకే చెల్లుతాయి, తప్పితే డబ్బు పోయినట్టే. టికెట్‌తో సీటు రాదు. శుక్ర, ఆదివారాల్లో నిలబడాల్సి వస్తుంది కాబట్టి కొంచెం అదనంగా ఇచ్చి సీటు వేరే తీసుకోండి. పాస్‌పోర్టు చేతిలో ఉంచుకోండి, ఒక్కోసారి రైల్లోనే అడుగుతారు. చివరి స్టేషన్ కెలెటి.

6. బుడాపెస్ట్‌లో మూడు రోజులు

ఇక్కడ యూరో కాదు, ఫోరింట్. కార్డు గీసేటప్పుడు, ఏటీఎంలో, 'రూపాయల్లోనా, ఫోరింట్‌లోనా' అని అడిగితే ఎప్పుడూ ఫోరింట్ అనే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం. బిల్లులో సెర్వీజ్‌దీయ్ అని పది, పదిహేను శాతం కనపడితే టిప్ అందులోనే ఉంది, మళ్లీ ఇవ్వక్కర్లేదు. నోటు చేతికిస్తూ 'థాంక్యూ' అనకండి. చిల్లర ఉంచుకోమన్నారని అనుకుంటారు. చిల్లర చేతికొచ్చాకే ఆ మాట.

పార్లమెంటు భవనం లోపల టూర్ టికెట్‌తోనే చూడాలి, టికెట్లు రోజుల ముందే అయిపోతాయి. గోపురం ఎత్తు 96 మీటర్లు, మజ్యార్లు (హంగేరియన్లు) ఇక్కడికి వచ్చారని చెప్పే 896కు గుర్తుగా. బయటి నుంచి చూడటానికి ఎదురు ఒడ్డున బత్యానీ స్క్వేర్‌కు సాయంత్రం వెళ్లండి. నదివైపు ముఖం పడమరకు కాబట్టి ఎండ దాని మీదే పడుతుంది, ఉదయం అయితే ఎదురెండ. తర్వాత 2వ నంబరు ట్రామ్‌లో ఒడ్డు వెంబడి ఒకసారి తిరగండి. 1896 నాటి ఒకటో నంబరు మెట్రో ఎక్కి సేచెన్యి వేడినీటి స్నానశాలకు వెళ్లొచ్చు. ఈత దుస్తులు, చెప్పులు, తువ్వాలు మీరే తీసుకెళ్లాలి. ఉదయం పది లోపు వెళ్తే, చల్లగాలిలో ఆవిర్లు కక్కే 38 డిగ్రీల బయటి కొలనులో చోటు దొరుకుతుంది.

తిండి విషయానికొస్తే, ఇక్కడ గుయాష్ అడిగితే పలుచటి పులుసే వస్తుంది. చిక్కటి కూర కావాలంటే పొర్కోల్ట్ అనాలి. గొడ్డుమాంసం తినని వాళ్లకు చిర్కెపాప్రికాష్ ఉంది. చప్పగా అనిపిస్తే 'ఎరోష్ పిష్ట' అడగండి, పచ్చి కారం ముద్ద. రేతెష్‌లో ఈ కాలానికి గుమ్మడికాయ, గసగసాలు కలిపింది దొరుకుతుంది. అక్కడే తినెయ్యండి. దుబాయ్ మీదుగా తిరిగొచ్చేవాళ్లు గసగసాలున్న ఏదీ పెట్టెలో పెట్టకూడదు, అక్కడ నిషేధం.

7. పాప్రికా కొనడం, వాడటం

1897లో కట్టిన పెద్ద మార్కెట్‌కు శనివారం మధ్యాహ్నంలోపు వెళ్లండి. బొమ్మల గుడ్డసంచుల్లో ఉన్నది కాకుండా, గాలి దూరని పొట్లంలో పాప్రికాకు పేరున్న సెగెద్ గానీ కలోచ గానీ ఊరి పేరు రాసి ఉన్నది, ఈ ఏటిది తీసుకోండి. 'ఎడెష్' అంటే కారం లేనిది, 'చీపోష్' కారంది. గుంటూరు కారమనుకుని కొనకండి. రంగు కోసం వాడే బ్యాడిగి మిరపకు దగ్గర. కారం ముద్ద సీసాలు చేతిసంచిలో పెట్టనివ్వరు, చెక్-ఇన్ పెట్టెలో సర్దండి.

ఇంట్లో చేసేటప్పుడు తాలింపులో ఎండుమిరప వేసినట్టు కాగే నూనెలో వేశారా, ఇందులోని చక్కెర క్షణాల్లో మాడి చేదెక్కుతుంది. పుట్టగొడుగుల పాప్రికాష్ చెయ్యాలంటే, అరకిలో పుట్టగొడుగులకు రెండు ఉల్లిపాయలు సన్నగా తరిగి, నూనెలో మెత్తబడేదాకా సన్నసెగ మీద మగ్గించండి. గిన్నె పొయ్యి మీంచి దించి, ఒకటిన్నర పెద్ద చెంచాల పాప్రికా చల్లి, ఒక్కసారి కలిపి వెంటనే పావు గ్లాసు నీళ్లు పొయ్యండి. ఆ తర్వాతే మళ్లీ పొయ్యెక్కించి పుట్టగొడుగులు, ఉప్పు వేసి ఉడికించండి. దించే ముందు రెండు చెంచాల మీగడ. మిగిలిన పొడిని వెలుతురు తగలని డబ్బాలో పెట్టి ఆరు నెలల్లో వాడెయ్యండి, ఆ తర్వాత రంగు వెలిసిపోతుంది.