ఆడ–మగ తేడా ఉందని థీసిస్‌లో రాసే ముందు

హైదరాబాద్‌లో పీజీ థీసిస్ రాసే డాక్టర్లకైనా, తార్నాక వైపు ల్యాబుల్లో ఎలుకలతో పనిచేసే పీహెచ్‌డీ వాళ్లకైనా గైడ్ చెప్పేది ఒకటే: ఆడ, మగ ఫలితాలు వేరుగా చూపించు. చూపించాల్సిందే. తప్పు ఆ తర్వాత జరుగుతుంది. మగవాళ్లలో పీ విలువ (మందు ప్రభావం లేకున్నా ఇంత లేదా ఇంతకంటే పెద్ద తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) 0.05 కంటే తక్కువ, ఆడవాళ్లలో ఎక్కువ వస్తే, మందు మగవాళ్లకే పనిచేసిందని రాసేస్తారు. ఆ రెండు టెస్టుల్లో ఏదీ ఆడవాళ్లను మగవాళ్లతో పోల్చలేదు.

ఐరన్ మాత్రల ట్రయల్ ఒకటి ఊహించుకోండి. ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) కంటే హిమోగ్లోబిన్ మగవాళ్లలో డెసీలీటరుకు 0.8 గ్రాములు, ఆడవాళ్లలో 0.5 గ్రాములు ఎక్కువ పెరిగింది. రెండుచోట్లా స్టాండర్డ్ ఎర్రర్ (ఆ అంచనాలో ఉన్న అనిశ్చితి) 0.3. పెరుగుదలను దానితో భాగిస్తే మగవాళ్లకు 2.67, సిగ్నిఫికెంట్ (పీ 0.05 లోపు), ఆడవాళ్లకు 1.67, కాదు. ఇప్పుడు ఈ రెండు పెరుగుదలలనూ పోల్చండి. వాటి మధ్య తేడా 0.3. దాని స్టాండర్డ్ ఎర్రర్‌కి 0.09, 0.09 కలిపి వర్గమూలం తీస్తే 0.42. భాగిస్తే 0.71, పీ దాదాపు 0.48. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు తేడా ఉండగల పరిధి) −0.53 నుంచి 1.13, సున్నా అందులోనే ఉంది. అంటే తేడా తేలలేదు. అలాగని మందు ఇద్దరికీ సమానంగా పనిచేసిందనీ రాయకూడదు, ఇంటర్వెల్ అంత వెడల్పుగా ఉంది.

ఈ పోలికను ఆర్ సాఫ్ట్‌వేర్‌లో చేయాలంటే ఎల్‌ఎమ్ (రిగ్రెషన్ ఫంక్షన్) ఫార్ములాలో మందుకూ లింగానికీ మధ్య ప్లస్ కాదు, స్టార్ (*) పెట్టాలి. ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్‌లో యూనివేరియట్ మెనూకి వెళ్లి రెండింటినీ ఫిక్స్‌డ్ ఫ్యాక్టర్లుగా ఇవ్వండి. చదవాల్సింది ఇంటరాక్షన్ వరుస, అంటే మందు ప్రభావం ఆడ, మగ మధ్య ఎంత మారిందో చెప్పేది. ఆర్‌లో చాలామంది పొరబడేది ఇక్కడే: స్టార్ పెట్టాక ‘మందు’ అన్న వరుస అందరి సగటు కాదు, రిఫరెన్స్ గ్రూపుది (పోలికకు ఆధారంగా తీసుకునే గ్రూపుది) మాత్రమే. మీరు మార్చకపోతే అక్షరక్రమంలో ముందొచ్చే ఫిమేల్ రిఫరెన్స్ అవుతుంది.

కొలమానం కూడా ముందే ప్రోటోకాల్‌లో రాసుకోండి. హిమోగ్లోబిన్ 10 ఉన్నవాళ్లకీ 12 ఉన్నవాళ్లకీ 0.6 గ్రాములే పెరిగితే గ్రాముల్లో తేడా లేదు. శాతాల్లో మాత్రం 6, 5. ఫలితం చూశాక నచ్చిన కొలమానం ఎంచుకోవడం న్యాయం కాదు.

ఎలుకల విషయంలో ఒకే బోనులోవి, ఒకే ఈతలోవి స్వతంత్ర నమూనాలు కావు. బోనునీ ఈతనీ ర్యాండమ్ ఎఫెక్టుగా (ఒకే గుంపులోవి ఒకేలా ఉండటాన్ని లెక్కలోకి తీసుకునేలా) మోడల్‌లో పెట్టాలి.

శాంపిల్ సైజ్ దగ్గరే ఎక్కువ థీసిస్‌లు ఆగిపోతాయి. ఆడ, మగ సమానంగా తీసుకుంటే ఇంటరాక్షన్ స్టాండర్డ్ ఎర్రర్ మందు సగటు ప్రభావానికి ఉండేదానికి రెట్టింపు. ఇంటరాక్షన్ ఆ ప్రభావమంత పెద్దదైనా అదే పవర్‌కి (నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశానికి) 4 రెట్లు, అందులో సగమే అయితే 16 రెట్లు మంది కావాలి. అంతమంది దొరక్కపోయినా ఇద్దరినీ చేర్చండి. అంచనా, ఇంటర్వెల్ ఇచ్చి, ఇది అన్వేషణాత్మక విశ్లేషణ అని స్పష్టంగా రాయండి.