పెద్దవాళ్ల బాగోగులు ఫోన్లో: 4వ పాఠం - ఎనిమిదింటి అలారం తొమ్మిదికి మోగితే

పోయినసారి అమ్మానాన్నల మందులు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు, ఫిజియోథెరపీ అన్నీ ఒకే గూగుల్ క్యాలెండర్‌లో పెట్టి ఇంట్లో అందరికీ షేర్ చేయమన్నాను. చేశారు. నవంబర్ మొదటి వారం నుంచి ఒకటే ప్రశ్న: "ఎనిమిదింటికి పెట్టిన అలారం తొమ్మిదికి మోగుతోంది, ఫోన్ పాడైందా?" ఈ రోజు రిపోర్టులు దాచుకోవడం గురించి చెప్పాలి. అది వచ్చేసారి.

ఫోన్ బాగానే ఉంది. గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లోనూ ఇదే జరిగింది. అమ్మ షుగర్ మాత్ర టిఫిన్‌కి అరగంట ముందు పడాలి. నేను వెళ్లేసరికి ఇడ్లీ ప్లేటు ఖాళీ, మాత్ర స్ట్రిప్‌లోనే ఉంది. "ఫోన్ ఇంకా మోగలేదు కదన్నా" అంది అమ్మను చూసుకునే అమ్మాయి. ఆమె తప్పేం లేదు.

ఆ అలారం పెట్టింది డాలస్‌లో ఉన్న మా అక్క. అక్కడ రాత్రి 9:30 అంటే మనకు ఉదయం 8, కాబట్టి 9:30కి పెట్టింది. అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు నుంచి వాళ్ల 9:30 మనకు 9. క్యాలెండర్ పెట్టినవాళ్ల ఊరి టైమ్‌నే పట్టుకుంటుంది, చూసేవాళ్ల ఊరిది కాదు. అందుకే నేను గుంటూరులో పెట్టిన ఫిజియోథెరపీ కదల్లేదు. దుబాయ్‌లో గడియారం మార్చరు కాబట్టి అక్కడి నుంచి పెట్టినవాళ్లకూ ఇబ్బంది రాలేదు. లండన్ వాళ్లకు మాత్రం అక్టోబర్ చివరి ఆదివారమే మారిపోయింది.

చాలామంది అలారం మళ్లీ ఎనిమిదింటికే మోగేలా గంట ముందుకు జరిపి ఊరుకున్నారు. దయచేసి అలా చేయకండి. మార్చి రెండో ఆదివారం అమెరికా గడియారం మళ్లీ ముందుకు వెళ్తుంది, అలారం ఏడింటికే మోగుతుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్ల ఇంట్లో ఈ గంట తేడా చాలా పెద్దది.

ఈవెంట్‌లో టైమ్ కింద టైమ్ జోన్ ఉంటుంది, అక్కడ ఇండియా ఎంచుకోవచ్చు. కానీ జోన్ మార్చాక 9:30 అలాగే ఉండిపోతుంది, టైమ్, తేదీ మళ్లీ సరిచేయాలి. నేనైతే పాతది తీసేసి, ఇక్కడి ఫోన్లోంచే కొత్తది పెడతాను.

ఇంకో మాట. షేర్ చేసినంత మాత్రాన అందరి ఫోన్లూ మోగవు. ఎవరి ఫోన్లో వాళ్లు నోటిఫికేషన్ ఆన్ చేసుకోవాలి.

అభ్యాసం: ఇంట్లో ఫోన్ తీసుకుని జనవరి 15, ఏప్రిల్ 15 తేదీలు తెరవండి. మందుల టైమ్ రెండు రోజుల్లోనూ ఒకటేనా చూడండి. తర్వాత ఒక ఆదివారం ఎవరూ ఫోన్ చేసి గుర్తు చేయకండి, క్యాలెండర్‌నే నడపనివ్వండి. మీలో ఒకరు మాత్రం ఆ రోజంతా పెద్దవాళ్ల పక్కనే ఉండి, ఏ మాత్ర ఏ టైమ్‌కి పడిందో కాగితం మీద రాయండి.