జెమ్‌లో ఆకు ప్లేట్లు, జనపనార సంచులు అమ్మేవాళ్ల చిక్కులు: కారణం, పరిష్కారం

2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు దేశమంతటా నిషేధం. అడ్డాకు విస్తళ్లు, వక్కమట్ట ప్లేట్లు చేసే చిన్న యూనిట్లకు సర్కారు ఆఫీసుల నుంచి మంచి గిరాకీ ఉండాలి. అయినా సర్కారు ఆఫీసులు ఆన్‌లైన్‌లో సరుకు కొనే పోర్టల్ జెమ్‌లో ఆర్డర్లు రావట్లేదంటే ఎక్కువసార్లు తప్పు సరుకులో ఉండదు, కాగితాల్లో ఉంటుంది.

సమస్య: ప్రతి బిడ్‌లోనూ రేటు దగ్గరే పోతోంది

ఎల్1, అంటే అందరికంటే తక్కువ రేటు వేసినవాళ్లు, ఎవరో తేల్చేటప్పుడు పర్యావరణానికి మార్కులు వేయరు. స్పెసిఫికేషన్‌లో రాయనిది లెక్కలోకే రాదు. బిడ్ పడ్డాక మొత్తుకుని లాభం లేదు. ఇండెంట్ (ఫలానా సరుకు కావాలనే కోరిక పత్రం) పెట్టే సెక్షన్‌కి ముందే శాంపిల్ చూపించి, సైజు, మందం, ప్లాస్టిక్ పొర ఉండకూడదన్న షరతు రాయమని అడగండి. మీ బ్రాండు పేరు మాత్రం రాయమనకండి, అది వాళ్ల మెడకు చుట్టుకుంటుంది.

రెండో దారి సూక్ష్మ, చిన్న సంస్థలకిచ్చే ప్రాధాన్యం. 10,000 ప్లేట్ల బిడ్‌లో ఒక పెద్ద కంపెనీ 4 రూపాయలతో ఎల్1 అయిందనుకుందాం. మీ రేటు 4.50. ఎల్1 మీద 15 శాతం, అంటే 4.60 లోపే ఉన్నారు కాబట్టి, 4 రూపాయలకు ఒప్పుకుంటే కనీసం 2,500 ప్లేట్లు మీకు రావాలి. ఎల్1 కూడా మీలాంటి చిన్న యూనిట్టే అయితే ఈ దారి లేదు. ఒప్పుకునే ముందు 4 రూపాయలకు గిట్టుబాటవుతుందా అని లారీ కిరాయితో సహా లెక్క వేసుకోండి.

సమస్య: ఉద్యమ్ ఉన్నా ప్రాధాన్యం ఇవ్వలేదు

ఉద్యమ్, అంటే చిన్న సంస్థల రిజిస్ట్రేషన్, సర్టిఫికెట్‌లో ట్రేడింగ్ అని ఉందేమో చూడండి. ఈ ప్రాధాన్యం తయారీదారులకే, కొని అమ్మేవాళ్లకు కాదు. నిజంగా మీరే తయారు చేస్తుంటే ఉద్యమ్ పోర్టల్‌లో వివరాలు సరిచేసి, జెమ్ ప్రొఫైల్‌లో అప్‌డేట్ చేయండి. ఇంకోటి, ఏటా 25 శాతం చిన్న సంస్థల నుంచి కొనాలనే 2012 నాటి విధానం కేంద్ర శాఖలకు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు వర్తిస్తుంది. దక్షిణ మధ్య రైల్వే, విశాఖ స్టీల్‌ప్లాంట్ అందులోకి వస్తాయి. జిల్లా పరిషత్తు రాదు, అక్కడ రాష్ట్ర నిబంధనలే.

సమస్య: కంపోస్టబుల్ సంచులు తిప్పి పంపారు

సంచి మీద ‘బయో’ అని ముద్రిస్తే చాలదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. జనపనార, గుడ్డ సంచులకు ఈ గొడవ లేదు.

సమస్య: సరుకు ఇచ్చాం, డబ్బు పడలేదు

ముందు జెమ్‌లో సీఆర్‌ఏసీ, అంటే సరుకు అంగీకరించినట్టు ఇచ్చే సర్టిఫికెట్, వచ్చిందో లేదో చూడండి. అది లేకపోతే బిల్లు కదలదు, అకౌంట్స్ సెక్షన్‌ని తిట్టుకుని ఉపయోగం లేదు. సరుకు దించుకున్న స్టోర్స్ వాళ్లను పట్టుకోవాలి.

అదీ వచ్చి డబ్బు ఆగిందంటే చిన్న సంస్థల కోసం చేసిన 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం ఉంది. ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ. ఇలాంటి బకాయిల తగవులు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు గానీ, ఆఫీసుతో చెడుతుందని చాలామంది వెనకాడతారు. అందుకే ముందు గడువు తేదీ, వడ్డీ లెక్క రాసి మర్యాదగా ఒక లెటర్ ఇవ్వండి. దాని కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకోండి.