ఒంటరి రేసు, జనంతో రేసు: రెండింటికీ నేను తయారయ్యే పద్ధతి

హాఫ్ మారథాన్ చెయ్యాలనుకునే కొత్తవాళ్ళు నన్ను తరచుగా అడుగుతుంటారు: "ముందు వర్చువల్ రేసు చెయ్యనా, నేరుగా హైదరాబాద్ మారథాన్‌కే పేరిచ్చెయ్యనా?" వర్చువల్ రేసంటే మన ఊళ్ళో, మనం ఎంచుకున్న దారిలో పరుగెత్తి ఆ రికార్డు నిర్వాహకులకు పంపేది. రెండూ చెయ్యండి అంటాను. వర్చువల్ ముందు, అదీ అసలు రేసుకి నాలుగైదు వారాల ముందు. దారి, నీళ్ళు, తిండి, బూట్లు, వేగం అన్నీ మీరే ఏర్పాటు చేసుకుని ఒకసారి 21 కిలోమీటర్లు పూర్తి చేశారంటే, అసలు రేసు రోజున మీకు కొత్తగా ఉండేది జనం ఒక్కటే.

నాకు నలభై ఆరేళ్ళు. తార్నాకలో ఉంటాం, బ్యాంకులో ఉద్యోగం. కిలోమీటరుకు 7 నిమిషాల చొప్పున పరుగెత్తుతాను, అంటే హాఫ్‌కి దాదాపు రెండున్నర గంటలు. ఇక్కడ చెప్పేదంతా ఆ వేగంలో వెళ్ళేవాళ్ళ కోసం. గంటన్నరలో ముగించేవాళ్ళకు కావాల్సిన సలహాలు వేరు. వారం వారం దూరం పెంచుకుంటూ 16 కిలోమీటర్ల దాకా చేరాకే దేనికైనా డబ్బు కట్టండి. నలభై దాటినవాళ్ళు, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు డాక్టరుకి చూపించుకుని మొదలుపెట్టండి.

వర్చువల్ రేసుకి దారి ఎంచుకోవడం

వర్చువల్ రేసులు కోవిడ్‌కి ముందే ఉన్నా, మనలో చాలామందికి తెలిసింది 2020లోనే. ఆ ఏడు బోస్టన్ మారథాన్ మామూలుగా జరగలేదు, సెప్టెంబరులో ఎవరి ఊళ్ళో వాళ్ళు పరుగెత్తారు. అక్టోబరులో లండన్‌లో మేటి రన్నర్లు మాత్రం సెయింట్ జేమ్స్ పార్కు చుట్టూ పరుగెత్తితే, మిగతావాళ్ళకు తమ దారిలో పూర్తి చెయ్యడానికి 24 గంటలు ఇచ్చారు. నవంబరులో ఢిల్లీ హాఫ్ మారథాన్ కూడా అంతే, మామూలు రన్నర్లందరికీ యాప్‌లోనే.

అప్పటి నుంచి నా వర్చువల్ రేసులన్నీ ఉస్మానియా యూనివర్సిటీలోనే. ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి బయల్దేరి మళ్ళీ అక్కడికే వచ్చేలా 3 కిలోమీటర్ల చుట్టు ఒకటి పెట్టుకున్నాను. ఏడు చుట్లు, ఆపైన ఇంకో 100 మీటర్లు. ఒకే చుట్టు తిరగడం విసుగని చాలామంది పెద్ద దారి పట్టుకుంటారు. నేను చుట్లనే ఎందుకు ఇష్టపడతానంటే, ప్రతి 3 కిలోమీటర్లకూ నీళ్ళు దొరుకుతాయి, ఒంట్లో బాగోకపోతే ఇల్లు దగ్గర, ఎవరో ఒకరు చూస్తూ ఉంటారు. మా ఆయన స్కూటీ పక్కన పెట్టుకుని పేపరు చదువుతూ కూర్చుంటారు. డిక్కీలో ఓఆర్ఎస్ కలిపిన సీసా, మామూలు నీళ్ళు, రెండు అరటిపళ్ళు, గింజ తీసిన ఖర్జూరాలు, చిన్న తువ్వాలు. కూర్చునేవాళ్ళు ఎవరూ లేకపోతే తెలిసిన టీ బండి దగ్గరో, వాచ్‌మన్ దగ్గరో సంచి పెట్టి వెళ్ళండి.

ఆడవాళ్ళు మరికొన్ని చూసుకోవాలి. దారిలో బాత్రూమ్ ఎక్కడుందో ముందే తెలిసుండాలి. పెట్రోల్ బంకు ఉన్న వీధి అయితే మేలు. బాగా చీకటి ఉండగా ఒంటరిగా మొదలుపెట్టకండి. ఫోన్‌లో లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్ళకు పెట్టండి. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు వద్దు. కుక్కల గుంపు కనిపిస్తే పరుగు ఆపి నడవండి, వాటి కళ్ళలోకి చూడకుండా పక్కగా దాటండి. పరుగెత్తితేనే అవి వెంటపడతాయి. అక్కడ పోయే అర నిమిషం గురించి బాధపడకండి.

వాచీ, యాప్, నిబంధనలు

వర్చువల్ రేసులో రికార్డే మీ రుజువు. కాబట్టి రేసుకి ముందు నిబంధనలు ఒక్కో వాక్యం చదవండి. దూరం ఒకే పరుగులో పూర్తి చెయ్యాలా, రెండు మూడు రోజుల్లో కలపొచ్చా? ట్రెడ్‌మిల్ ఒప్పుకుంటారా? స్ట్రావా (పరుగు రికార్డు చేసే యాప్) లింకు చాలా, వాళ్ళ యాప్‌లోనే పరుగెత్తాలా? గడువు ఏ దేశపు టైముతో ముగుస్తుంది? విదేశీ రేసుల్లో ఈ చివరిది చాలా ముఖ్యం.

వాచీలో ఆటో పాజ్ తీసేయండి. అది ఆన్‌లో ఉంటే మీరు నీళ్ళకు ఆగినప్పుడల్లా గడియారం కూడా ఆగిపోతుంది, చివర్లో వచ్చే టైము మురిపిస్తుంది. అసలు రేసులో మీరు ఆగినా గడియారం ఆగదు. అందుకే వర్చువల్‌లో కూడా మొత్తం గడిచిన టైమునే నా టైముగా రాసుకుంటాను. ఎవరూ అడగకపోయినా సరే, అదే న్యాయమని నా నమ్మకం.

జీపీఎస్ సిగ్నల్ పూర్తిగా అందాకే అడుగు వెయ్యండి. ఫ్లైఓవర్ల కింద, మెట్రో పట్టాల కింద, ఎత్తయిన భవనాల మధ్య సిగ్నల్ చెదిరి దూరం తప్పుగా పడుతుంది. అలాంటి దారి వద్దు. 21.10 కనిపించగానే ఆపకుండా 21.2 దాకా వెళ్ళి ఆపండి, అప్‌లోడ్ చేసినప్పుడు యాప్ కొన్ని మీటర్లు తగ్గించినా దూరం చాలుతుంది. ఆపిన వెంటనే స్క్రీన్‌షాట్ తీసుకోండి.

పద్నాలుగో కిలోమీటరు

వర్చువల్‌లో కష్టమైన చోటు ఇదే. అయిదో చుట్టు మొదలయ్యేసరికి ఎండ వస్తుంది, వాకింగ్‌కి వచ్చినవాళ్ళంతా ఇళ్ళకు వెళ్ళిపోతుంటారు, ఇప్పుడు ఆపేస్తే అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. దీనికి మందు ముందే పెట్టుకోవాలి. నేను చివరి మూడు చుట్లను మనుషులతో నింపుకుంటాను. ఆఫీసులో జూనియర్ ఒకమ్మాయి అయిదో చుట్టుకి వచ్చి కలుస్తుంది. ఆరో చుట్టుకి మా అబ్బాయి సైకిల్ మీద పక్కన వస్తాడు. చివరి చుట్టు మా చెల్లెలితో.

తను డాలస్‌లో ఉంటుంది. చలికాలంలో మాకూ వాళ్ళకూ పదకొండున్నర గంటల తేడా. ఇక్కడ ఆదివారం ఉదయం అయిదున్నరకి నేను మొదలుపెడితే అక్కడ తనకి శనివారం సాయంత్రం ఆరు. ఒకే రేసుకి ఇద్దరం పేర్లిచ్చి, ఒకే నిమిషానికి మొదలుపెడతాం. నాకన్నా వేగం కాబట్టి తను ముందే ముగించి, నా చివరి చుట్టుకి ఫోన్ చేస్తుంది. "అక్కా, ఎక్కుడు వస్తే నువ్వు మాట్లాడకు, నేను మాట్లాడతాను. ఊఁ అను చాలు." పిల్లల కబుర్లు, అమ్మ మోకాళ్ళ నొప్పి, అత్తగారి వీసా, అన్నీ చెబుతూనే ఉంటుంది. అన్ని వేల మైళ్ళ దూరంలో ఉన్న మనిషితో కలిసి పరుగెత్తడం వర్చువల్‌లో తప్ప కుదరదు. దీన్ని చిన్నచూపు చూసేవాళ్ళతో నేను ఒప్పుకోను.

రెండు టైములనూ పోల్చకండి

వర్చువల్‌లో 2:28 వచ్చింది కాబట్టి అసలు రేసులో కూడా అదే రావాలని టెన్షన్ పడేవాళ్ళను చూశాను. కొలతే వేరు. ప్రమాణాల ప్రకారం మారథాన్ దారిని కౌంటర్ బిగించిన సైకిల్ మీద, మలుపుల దగ్గర అతి దగ్గరి దారి పట్టి కొలుస్తారు. దూరం తక్కువ పడకూడదని కిలోమీటరుకు ఇంకో మీటరు కలుపుతారు. మనమేమో జనాన్ని తప్పించుకుంటూ, నీళ్ళ బల్లల వైపు వెళ్తూ వంకరటింకరగా పరుగెత్తుతాం. అందుకే ఫినిష్ లైను దగ్గర వాచీలో 21.3, 21.4 చూపించడం మామూలే. నా వేగంలో ఆ 300 మీటర్లకే రెండు నిమిషాలు పైగా పడుతుంది. వాచీ 21.1 చూపించాక ఇంకా లైను రాకపోతే నిర్వాహకులను తిట్టుకోవద్దు. చివరి స్పీడు కూడా వాచీ చూసి కాక, లైను కంటికి కనిపించాకే అందుకోండి.

జనంతో పరుగెత్తే రోజు

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో వస్తుంది. వాన పడకపోయినా గాలిలో తేమ చాలా ఉంటుంది, చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. దానికి తోడు ఎత్తుపల్లాలు. హాఫ్, ఫుల్ రెండూ నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసేలా దారి పెడుతుంటారు. మధ్యలో పంజాగుట్ట ఫ్లైఓవర్, జూబ్లీహిల్స్ ఎక్కుళ్ళు, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి. దారి ఏటేటా కొంత మారుతుంది కాబట్టి ఆ ఏడాది మ్యాపు చూసుకోండి. విశాఖలో నేవీ మారథాన్ జరిగే బీచ్ రోడ్డు చదునుగా ఉంటుందనుకుంటారు. రుషికొండ వైపు వెళ్ళేకొద్దీ అక్కడా ఎక్కుళ్ళున్నాయి, పైగా సముద్రపు ఉక్క. ఎక్కడైనా తేమ రోజున మామూలు వేగం కన్నా కిలోమీటరుకు 15 సెకన్లు నెమ్మదిగా వెళ్ళాలని ముందే నిర్ణయించుకోండి.

బిబ్ (టీషర్ట్‌కి పెట్టుకునే నంబరు కాగితం) తెచ్చుకోవడానికి ఎక్స్‌పోకి (రేసుకి ముందు బిబ్‌లు పంచే, పరుగు సామాన్లు అమ్మే చోటు) మొదటి రోజే వెళ్ళండి, గుర్తింపు కార్డు మర్చిపోవద్దు. అక్కడ కొన్న కొత్త బూట్లు, కొత్త సాక్సులు, ఊరికే ఇచ్చిన ఎనర్జీ జెల్ రేసు రోజున ముట్టుకోకండి. టైమింగ్ చిప్ సాధారణంగా బిబ్ వెనకే అంటించి ఉంటుంది. మడవకుండా, ఎదుటి వైపు, నాలుగు పిన్నీసులతో పెట్టుకోండి. రేసు టీషర్ట్ ఉతక్కుండా, ఒకసారి వేసుకుని పరుగెత్తకుండా 21 కిలోమీటర్లకు వేసుకోవద్దు. చంకల్లో ఒరుసుకుని మండిపోతుంది. ఒరుసుకునే చోట్లన్నీ వేజలైన్ రాయండి.

ముందు రాత్రి నేను పెరుగన్నమే తింటాను, ఏడున్నరకల్లా. ఆవకాయ, పప్పు, వేపుళ్ళు ఉండవు. పొద్దున మూడింటికి లేచి రెండు ఇడ్లీ, సగం అరటిపండు, కాఫీ. వర్చువల్ రేసు పొద్దున ఏం తిని కడుపు తేలిగ్గా ఉందో అదే మళ్ళీ తినండి. నొప్పి మాత్రలు వేసుకుని పరుగు మొదలుపెట్టకండి. ఒంట్లో నీరు తగ్గిన వేళ ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీలకు ప్రమాదం.

రోడ్లు మూసేస్తారు కాబట్టి క్యాబ్ ఎక్కడ దించుతుందో ముందే చూసుకుని, స్టార్టుకి గంట ముందు చేరండి. మొదలయ్యే చోటు ఒకటి, ముగిసే చోటు ఒకటి అయినప్పుడు బ్యాగు కౌంటర్ తప్పదు. పొడి బట్టలు, చెప్పులు, కొంచెం డబ్బు అందులో పెట్టండి. ఫోన్, ఇంటి తాళాలు మీ దగ్గరే ఉండాలి. టాయిలెట్ల దగ్గర లైను పొడుగ్గా ఉంటుంది, అవసరం అనిపించక ముందే నిలబడండి.

ఇక మొదటి రెండు కిలోమీటర్లు. పాటలు, డప్పులు, వేలమంది. కాళ్ళు వాటంతట అవే ఉరుకుతాయి. ఆర్ట్స్ కాలేజీ ముందు ఒంటరిగా మొదలుపెట్టినప్పుడు మనల్ని తోసేది ఏదీ లేదు. ఇక్కడ ఆపుకోవడమే పని. నేను మొదటి రెండు కిలోమీటర్లు ఒక్కోటి 7 నిమిషాల 20 సెకన్లలోనే వెళ్తాను, పక్క నుంచి ఎంతమంది దాటిపోయినా సరే. 2:30 జెండా పట్టుకుని ఆ టైముకి ముగిసేలా పరుగెత్తే పేసర్ ఉంటే ఆ గుంపుకి కాస్త వెనక ఉండండి. గన్ పేలినప్పటి నుంచి లెక్కపెడుతున్నారా, లైను దాటినప్పటి నుంచా అని వాళ్ళను అడగండి. వెనక నిలబడ్డవాళ్ళకు లైను దగ్గరికి రావడానికే నిమిషాలు పడుతుంది.

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వాచీ చూడకండి, ఊపిరి చూసుకోండి. చిన్న అడుగులు, కళ్ళు పది మీటర్ల ముందుకి. మాట్లాడలేనంత ఆయాసం వస్తే నడవండి, పైకి వచ్చాక మళ్ళీ పరుగు. దిగుడులో దూకుతూ వెళ్తే తొడలు బిగుసుకుపోయి చివరి 5 కిలోమీటర్లు పగ తీర్చుకుంటాయి.

నీళ్ళ బల్లల దగ్గర మొదటి బల్ల మీద అందరూ పడతారు, చివరి బల్ల దగ్గర తీసుకోండి. పక్కకి జరిగాకే నడవండి, దారి మధ్యలో ఆగొద్దు. దాహాన్ని బట్టి తాగండి. భయంతో ప్రతి బల్ల దగ్గరా గ్లాసులు గ్లాసులు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. ఎక్కువసేపు దారిలో ఉండే మనలాంటివాళ్ళకే ఆ ప్రమాదం ఎక్కువ. ఒక ఊళ్ళో జరిగిన రేసులో మేం చేరేసరికి చివరి రెండు బల్లల మీదా నీళ్ళు లేవు. అప్పటి నుంచీ నడుము బెల్టులో అర లీటరు ఓఆర్ఎస్ నాదే ఉంటుంది. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళలో కలిపి అందులో సగం పోసుకుంటాను. ప్యాకెట్ మీద రాసిన కొలత మార్చకండి.

ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, చెమట పట్టాల్సిన చోట చలి వెయ్యడం, వీటిలో ఏది వచ్చినా ఆగి వాలంటీరుని పిలవండి. జనంతో పరుగెత్తే రేసులో ఉన్న పెద్ద మేలు ఇదే: అంబులెన్సు దగ్గర్లో ఉంటుంది. ఇంకో మేలు రోడ్డు పక్కన నిలబడ్డ కాలేజీ పిల్లలు. "కమాన్ ఆంటీ, ఇంకొక్క కిలోమీటరే!" అని మూడు కిలోమీటర్ల ముందు నుంచే అరుస్తారు. ఆ మాటకి కాళ్ళలోకి వచ్చే బలం ఏ జెల్‌లోనూ లేదు. వాళ్ళు తెల్లవారుజామునే లేచి మన కోసం వచ్చారు, చెయ్యెత్తి థాంక్స్ చెప్పండి.

లైను దాటాక కూర్చోకండి, పది నిమిషాలు నడవండి, ఏదైనా తినండి, తడి బట్టలు మార్చుకోండి. రిజల్ట్ సైటులో నెట్ టైము (మీరు స్టార్టు లైను దాటినప్పటి నుంచి లెక్కేసింది) సాధారణంగా ఆ రోజే వస్తుంది. మీ పేరు లేకపోయినా, మధ్యలో ఒక చిప్ మ్యాట్ (చిప్‌ని గుర్తించడానికి దారిలో పరిచే పట్టీ) టైము పడకపోయినా, బిబ్ నంబరు, వాచీ రికార్డు, ఫినిష్ దగ్గర ఫోటో జతచేసి రెండు రోజుల్లోపు మెయిల్ పెట్టండి. ఫలితాలు ఖాయం చేశాక దిద్దించుకోవడం కష్టం.